గోడ మీద గీసిన కిటికీ

ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో పన్నెండేళ్లు సెట్లు వేశాను. నాలుగు ప్లైవుడ్ గోడల్ని కెమెరాకు రాజమహల్‌లా చూపించడం నాకు బాగా చేతనైన పని. మా ఇల్లు మాత్రం అక్కడే బస్తీలో రెండే గదులు. అడుగుపెడితే ఎదురుగా ఇనప బీరువా, పక్కన మంచం, మంచం అంచున నా భార్య కుట్టుమిషను.

సాఫ్ట్‌వేర్ వాళ్లొచ్చి చుట్టుపక్కల అద్దెలు పెరిగాక పెద్ద ఇంటి ఆశ వదులుకున్నాం. ఒకరోజు మిషను మూలకు మోకాలు కొట్టుకుని నా భార్య అంది, "సినిమావోళ్లకు మహల్ కడ్తవు. నాకు కాళ్లు సాపుకుందమంటే జాగ లేదు."

ఆమె హైదరాబాద్ మనిషి. ఏదైనా సూటిగానే అంటుంది.

షూటింగుకు వారం విరామం రాగానే పని మొదలుపెట్టాను. తలుపు తీయగానే చూపు చివరి గోడ దాకా వెళ్లాలని బీరువాను తలుపు వెనక్కి జరిపాను. గోడలకూ సీలింగుకూ ఒకటే లేత రంగు వేశాను. కర్టెన్లను సీలింగు నుంచి నేల దాకా వేలాడదీశాను. చివరి గోడ మీద నా ప్రతాపమంతా చూపిస్తూ ఒక కిటికీ బొమ్మ గీశాను. తెరిచిన రెక్కలు, అవతల కొండలు, ఎండ. గుమ్మంలోంచి చూస్తే ఎవరైనా మోసపోవాల్సిందే.

నా భార్య చాలాసేపు చూసింది. బాగుందంది. తర్వాత మిషను ముందు కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది, "గాలి వస్తదా గీ కిటికీలకెల్లి?"

అన్నేళ్లూ కెమెరా కోసం గదులు కట్టినవాణ్ని. వాటిలో ఉండే మనిషికి చెమట పడుతుందన్న సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. మర్నాడే ఇంటి ఓనరును ఒప్పించి, బొమ్మ ఉన్నచోటే గోడ కొట్టించి నిజం కిటికీ పెట్టించాను. అవతల కొండలు లేవు. పక్కింటి నీళ్ల ట్యాంకు, దాని పైన కాస్త ఆకాశం. మిషను ఆ కిటికీ కిందికి చేరింది. మంచాన్ని పగలు గోడకు మడిచిపెట్టేలా మార్చాను.

కొన్నాళ్లకు బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక ఇంజనీరమ్మ, గది ఎన్ని అడుగులని అడిగింది. చెబితే, ఇంత చిన్నదా అని నమ్మలేదు. టేపు తెచ్చి కొలిచి చూపించాను. మధురానగర్‌లో తాము కొన్న చిన్న ఫ్లాటు చూడమని పిలిచింది. నా భార్యా వస్తుందన్నాను. ఆవిడెందుకని ఇంజనీరమ్మ అడిగింది.

"నేను గుమ్మంలో నిలబడి చూస్తానండీ. తను లోపల పని చేసి చూస్తుంది."

ఏడాది తిరక్కుండానే సెట్ల పని మానేసి ఇళ్ల పనిలో పడ్డాను. ఇప్పటికీ ఏ ఇల్లయినా అప్పగించే ముందు నా భార్య నిండు గ్లాసుల ట్రే పట్టుకుని గదులన్నీ తిరుగుతుంది. ఎక్కడ మోచేయి తగిలితే అక్కడ సామాను మళ్లీ జరుపుతాను.