వీపు తిప్పి చెప్పే పాఠం

మేడ మీద చెల్లో నేర్పే టీచరమ్మకు చెవుడని వీధంతా చెప్పుకుంటారు. లేకపోతే పిల్లలు అంత పెద్ద వాయిద్యాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని రంపంతో కోసినట్టు కోస్తుంటే, అటు తిరిగి కిటికీ దగ్గర బఠాణీలు ఎలా ఒలుచుకోగలదు? బొద్దుగా, మెత్తగా ఉండే మనిషి. ఎడమచేతి వేళ్ల కొసలు మాత్రం కాయలు కాసి ఉంటాయి. వచ్చినవాళ్ల భుజాలు ఒకసారి కిందికి నొక్కి, కమాను చేతికిచ్చి, వెంటనే వీపు తిప్పేస్తుంది.

మొన్న యాభై దాటిన దర్జీ దిగాలుగా వచ్చాడు. "ఇవాళ కూడా ఆ ఒక్క వరస పలక్కపోతే మానేస్తానమ్మా. అది చెల్లో కాదు, నీకు చెల్లదు అంటోంది మా ఆవిడ," అంటూ వాయించడం మొదలుపెట్టాడు.

"మూడో వేలు కొంచెం పైకి," అంది టీచరమ్మ, తిరగకుండానే. అతను వేలిని చెల్లో తలవైపు జరిపాడు. స్వరం ఇంకా దిగజారింది.

"పైకి వెళ్లమన్నది స్వరాన్నండీ, చేతిని కాదు! దీంట్లో స్వరం పైకి పోవాలంటే వేలు కిందికి రావాలి."

"అమ్మో, మీవి పాము చెవులు!" అని దర్జీ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకు అతని మణికట్టు వదులైంది, వరస మొత్తం పలికింది. వెళ్తూ వెళ్తూ, "వచ్చేవారం ఇదే వేళకి రానా?" అని అడిగాడు.

టీచరమ్మకు చిన్నప్పుడు నేర్పినాయన ఎదురుగా కూర్చుని ఆవిడ వేళ్ల వంకే చూస్తుండేవాడు. ఆ చూపుకు చెయ్యి బిగుసుకుపోయి, ఆవిడ రెండేళ్లపాటు చెల్లో ముట్టుకోలేదు.