గొంతులో కాసిన కాయలు

కొంగలకి ఆదివారాలు ఉండవు. తెల్లారకముందే దిగేవి, పొద్దుగూకేదాకా కదిలేవి కావు. వాటికి తోడు నీటికాకులు. చెరువులో మునిగి రొయ్యని కరుచుకుని లేచే నీటికాకిని చూస్తే మా నాన్నకి కడుపు మండిపోయేది, ఆ రొయ్య మాది కాకపోయినా.

మేం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం. తొంభైల మధ్యలో కోడూరు చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులవుతున్న రోజులు. చెరువుకి కాపలా కావాలి, గట్టు మీదే పాకలో కాపురం ఉండే మనుషులు కావాలి. ఊళ్లోవాళ్లు ఎవరూ ఆ ఉప్పుగాలిలో ఉండడానికి ఒప్పుకోలేదు. అందుకని మేస్త్రీ మమ్మల్ని రైలెక్కించి తెచ్చాడు. నాన్న మేత చల్లేవాడు. అమ్మ ఊళ్లోంచి తాగేనీళ్లు మోసుకొచ్చేది. పదేళ్ల నాకు వంట. ఆరేళ్ల మా చెల్లికి అప్పగించిన పని అరవడం.

నవ్వకండి, అది నిజంగా పనే. రేకు డబ్బా వాయిస్తే కొంగలు కొన్నాళ్లు భయపడి, ఆ తర్వాత లెక్కచేయడం మానేశాయి. మనిషి గొంతుకి మాత్రం లేచేవి. "హేయ్... పో... పోయే" అని అది గట్టు ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తుతూ అరిచేది. మొదట్లో దానికి అదొక ఆట. తర్వాత కాలివేళ్ల సందులు ఒరుసుకుపోయి, ఉప్పునీళ్లు తగిలి పుండ్లు పడ్డా అరుపు మానలేదు. బడికి వెళ్లేముందు ఒక విడత, వచ్చాక ఒక విడత. ఆ ఏడు చలికాలానికి దాని గొంతు బీడీలు కాల్చే ముసలాయన గొంతులా అయింది.

బడి సంగతి చెప్పాలి. అక్కడ మా మాట అంటే అందరికీ వేడుక. ఒకరోజు మా చెల్లి పక్క పిల్లని "బేగి రా" అంటే తరగతంతా నవ్వింది. టీచరుగారు మంచావిడే. దగ్గరికి తీసుకుని, "ఏదీ బంగారం, మళ్లీ అను" అన్నారు ముద్దుగా. అది ఆ బొంగురు గొంతుతో మళ్లీ అంది. ఆవిడ కూడా నవ్వారు. పక్క తరగతి టీచరు వస్తే ఆవిడ ముందు కూడా అనిపించారు. పిల్లల నవ్వు మీద నాకు కోపం లేదు. ఆ ముద్దు మీద ఇప్పటికీ కోపమే.

అన్నం మింగినా నొప్పి అంటుంటే అమ్మ దాన్ని బందరు తీసుకెళ్లింది, తోడు నేను. బస్సులో దారి పొడవునా అమ్మ చెల్లితో, "నువ్వేటీ మాటాడకు, నాను సెప్తాను" అంటూనే ఉంది. తీరా డాక్టరుగారి ముందు అమ్మకే నోరు పెగల్లేదు. అంతా నేనే చెప్పాను, వీలైనంత కోడూరు భాషలో.

డాక్టరుగారు గొంతులోకి అద్దం పెట్టి చూశారు. "పార పట్టేవాడి చేతికి కాయలు కాస్తాయి చూశారా, ఈ పిల్లకి గొంతులో కాశాయి. పసిదాన్ని ఇంతలా అరవనిస్తారా అమ్మా? నెలరోజులు ఒక్క మాట కూడా ఆడనివ్వకండి. గుసగుసలు కూడా వద్దు" అన్నారు.

అరుపుల పని నాకొచ్చింది, వంట అమ్మకి వెళ్లింది. చెల్లి మాట మానేసింది. ఆరేళ్ల పిల్ల, నిద్రలో కూడా ఒక్క మాట లేదు. బడిలో టీచరుగారు దాన్ని ఎవరూ పలకరించొద్దని చెప్పారు. ఎవరూ నవ్వలేదు. ఆ నెల అది బడికి నాకంటే ముందే తయారయ్యేది.

నెల నిండాక అమ్మ, "ఇంక మాటాడమ్మా" అంది. అది తల అడ్డంగా ఊపింది. ఇంకో నెల గడిచింది. మళ్లీ బందరు. డాక్టరుగారు మళ్లీ అద్దం పెట్టి చూసి, గొంతు శుభ్రంగా ఉందన్నారు. "మరి మాట్లాడదేమండీ?" అని నేనడిగాను. "ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని ఆయన అడిగారు. ఏం చెప్పను? మాకు ఇల్లంటూ ఉంటే కదా, ఇంట్లో ఏదైనా జరగడానికి.

అమ్మ మొక్కని దేవుడు లేడు. హంసలదీవి తీసుకెళ్లి సాగరసంగమంలో ముంచింది. ఎవరో చెబితే వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాసింది. అది అన్నిటికీ బుద్ధిగా నోరు తెరిచేది. మాటకి తప్ప.

ఒక మధ్యాహ్నం అమ్మకి పిచ్చి పట్టినట్టయింది. కంచంలో అన్నం కలిపి దాని ముందు పట్టుకుని కూర్చుంది. "అన్నం అను. పెడతాను." అది కంచం వంక చూసింది, అమ్మ వంక చూసింది. "అన్నం అను, మా అమ్మవి కదా." అది లేచి వెళ్లి గట్టు మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. చివరికి అమ్మే వెళ్లి, ఎండిపోయిన ఆ అన్నం ముద్దలు చేసి దానికి తినిపించింది, ఏడుస్తూ. మాట్లాడొద్దని పిల్లకి నూరిపోసింది తనే కదా, ఇప్పుడు ఎవర్ని తిడుతుంది? నాకైతే అందరినీ కొట్టాలనిపించింది.

ఆ ఎండాకాలమే రొయ్యకి తెల్లమచ్చల రోగం వచ్చింది. ఒక పొద్దున్నే లేచేసరికి ఒడ్డు పొడవునా చచ్చిన రొయ్యలు. చుట్టూ ఏ చెరువు చూసినా అదే కథ. చెరువు ఆసామి వచ్చి నెత్తిన చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఏం చేస్తాం, మీరు కూడా ఇంకో చోటు చూసుకోండి" అన్నాడు. ఆయన్ని ఏమనగలం, ఆయనా మునిగిపోయాడు.

చెరువు నీళ్లు కిందకి వదిలేశారు. బురదలో మిగిలినవాటి కోసం కొంగలు, నీటికాకులు మందలు మందలుగా దిగాయి. నేను అలవాటు కొద్దీ అరవబోతే నాన్న, "తిననీయే" అన్నాడు.

అప్పుడు మా చెల్లి లేచి పరిగెత్తింది. "హేయ్... పో... పోయే" అని గట్టు పొడవునా ఒకటే కేక. బొంగురు లేదు, జీర లేదు. అంత నున్నటి గొంతు దానికి ఉందని మేమంతా మరిచిపోయాం. కొంగలు ఒక్కసారిగా లేచాయి. అమ్మ చేతిలో బిందె వదిలేసి వెళ్లి దాన్ని వాటేసుకుంది. నేను మాత్రం, కాయలు మళ్లీ కాస్తాయే, అరవకే అని ఏడ్చాను.

సామాను మూటలు కడుతుంటే అది అమ్మ పక్కన చేరింది. "ఎక్కడికెల్తాం?" అంది. కొన్ని నెలల తర్వాత మాతో ఆడిన మొదటి మాట.

"నందివాడ. చేపల చెరువులున్నాయంట, మేస్త్రీ సెప్పినాడు" అంది అమ్మ.

అది మూట చెంగు అమ్మకి అందించింది. "అక్కడోలు ఎలగ మాటాడతారు? సెప్పమ్మా, ముందే నేర్సుకుంతాను."

నందివాడలోనూ కోడూరులో మాట్లాడినట్టే మాట్లాడతారని దానికి చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.