తెల్ల హెల్మెట్

బోర్డులు రాసే పెయింటరు దేన్నయినా బోర్డుల్లోనే లెక్కగడతాడు. తన పెళ్లికంటే పాత కారొకటి కొని పాత కార్ల పందేల్లో దిగుదామనుకున్నప్పుడు, ఖర్చు కారుతోనే తీరిపోతుందనుకున్నాడు. తీరలేదు. సీటు బెల్టు ఆరు బోర్డులు మింగింది, నిప్పంటుకోని సూటు పద్నాలుగు, హెల్మెట్ పది. "కారును మీరు నడుపుతున్నారా, మిమ్మల్ని కారు నడుపుతోందా?" అని భార్య దెప్పితే, చెవి వెనక కుంచె సర్దుకుని మళ్లీ నిచ్చెనెక్కేవాడు.

పందెం నాడు తనిఖీ చేసే ఆయన కారు చుట్టూ తిరిగి సరేనన్నాడు, హెల్మెట్ దగ్గర ఆగిపోయాడు. దాని మీద పెయింటరు స్వయంగా వేసిన ఏడో నంబరు, నెమలికంఠం రంగు నీడతో మెరిసిపోతోంది. "అద్భుతంగా వేశారండీ. కానీ ఈ పెయింటులోని మందు హెల్మెట్ డిప్పను తినేస్తుంది, దెబ్బ తగిలితే పగిలిపోతుంది. దీంతో పందెంలోకి పంపలేను." పెయింటరు కాసేపు తన పనితనాన్నే చూసుకున్నాడు. "మళ్లీ పందెం ఎప్పుడండీ?" "రెండు నెలలకి." "అయితే పది బోర్డులేగా!" అని ఇంటిదారి పట్టాడు. ఏడు వారాలకు కొత్త హెల్మెట్ వచ్చింది, పాలలా తెల్లగా. దాన్ని వేళ్లతో తడిమాడు, కుంచె వైపు చూశాడు, గబగబా తీసుకెళ్లి భార్య చేతుల్లో పెట్టాడు. "బీరువాలో పెట్టి తాళం వెయ్యి. పందెం దాకా నేను కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు."