ఆమె అవునన్నదా, కాదన్నదా

మా ఊరి ఎమ్మెల్యే ఒకప్పుడు నా హాస్టలు గదిలో ఉండేది. తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్న రోజులవి. నాది తెలుగు, ఆమెది రాజనీతి శాస్త్రం. తమిళనాడు సరిహద్దు పల్లె నుంచి వచ్చింది కాబట్టి ఆమె మాటల్లో అరవం దొర్లుతుండేది. నేను నవ్వితే ఇంకొంచెం కలిపి మాట్లాడేది. చదువు కాగానే పెళ్లి చేసుకుని, అత్తగారింటి రాజకీయాల్లోకి వెళ్లిపోయింది. నేను పెళ్లి చేసుకోలేదు. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ తిరుపతిలోనే ఉండిపోయాను. ఆమె గెలిచిన రోజు టీవీలో చూశాను. దండల మధ్య ముఖం సరిగా కనబడలేదు. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, నా దగ్గరున్న నంబరు ఏనాటిదో. ఊరుకున్నాను.

నేను రిటైరైన ఏడాది ఒక సాయంత్రం ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు వ్యవసాయం తగ్గించుకుని పాడి మీద బతుకుతున్నాడు. ఊరి పక్కన పెద్ద మేత బీడు ఉంది, అందరి పశువులూ అక్కడే తిరుగుతాయి. అలాంటి బీళ్లను ఫ్యాక్టరీలకు ఇవ్వాలంటే ఇకమీదట ఊరివాళ్లను అడగక్కర్లేదని అసెంబ్లీలో ఒక బిల్లు పాసైందట. సర్వేవాళ్లు వచ్చి బీడంతా తిరిగి వెళ్లారట.

“అక్కా, ఆయమ్మ నీ జతది గదా,” అన్నాడు వాడు. “ఊరంతా ఓట్లేసి పంపిస్తిమి. ఆ బిల్లుకు అవునన్నిందో కాదన్నిందో సూసి చెప్పు. కంప్యూటర్లో అన్నీ ఉంటాయంట గదా.”

నా ఓటు కూడా ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. సరేనన్నాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఒప్పుకున్నాను. కాలేజీ మానేశాక నాతో మాట్లాడే మనిషి పొద్దున పాలు పోసే ఆమె ఒక్కతే. ఆమెకు కూడా తొందర. కిందింటివాళ్లు మంచివాళ్లే కానీ నన్ను చూస్తే పిల్లలు అల్లరి ఆపేస్తారు, పెద్దలు కుర్చీ జరుపుతారు. అంతకుమించి మాటలుండవు. చాలాకాలం తర్వాత, నిద్ర లేవగానే నా కోసం ఒక పని కాచుకుని ఉంది.

అసెంబ్లీ వెబ్‌సైటులో సభ జరిగిన ప్రతి రోజుదీ మాటకు మాట రాసి పెట్టి ఉంటుంది. ఆ బిల్లు రోజును వెతికి పట్టుకున్నాను. మంత్రి ప్రవేశపెట్టాడు. ఒకరిద్దరు లేచి మాట్లాడారు. మధ్యలో చాలా చోట్ల ‘అంతరాయం’ అని రాసి ఉంది. స్పీకరు అనుకూలమైనవాళ్లను అవుననమన్నాడు, వ్యతిరేకులను కాదనమన్నాడు. ఆ వెంటనే బిల్లు ఆమోదం పొందింది. పేజీ తిప్పితే ఇంకో విషయం మొదలైపోయింది.

పేర్లు వేరే చోట ఉంటాయేమోనని వెతికాను. ఎక్కడా కనబడలేదు. చివరికి అసెంబ్లీ ఆఫీసుకే ఫోన్ చేశాను. ఎవరో మర్యాదస్థుడు, విసుక్కోకుండా చెప్పాడు. అది మూజువాణి ఓటట. సభ్యుల్లో ఎవరైనా డివిజన్ కావాలని అడిగితేనే ఎవరు ఎటు అన్నది పేరు పేరునా రాస్తారట. ఆ రోజు ఎవరూ అడగలేదు.

మూజువాణి. ఆ మాటను పేపర్లో వందలసార్లు చదివి ఉంటాను. నోటిమాట అని పిల్లలకు అర్థం కూడా చెప్పాను. నోటిమాట కాబట్టి అది ఎవరి నోటి నుంచి వచ్చిందో ఎక్కడా మిగలదని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

తమ్ముడికి ఆ సంగతి చెప్పేస్తే పని అయిపోయేది. చెప్పలేదు. మర్నాడు మళ్లీ ఆ కాగితాలే తెరిచాను. ఈసారి బిల్లు కోసం చూడలేదు, ఆమె పేరు కోసం చూశాను. ఎక్కువ మాట్లాడలేదు ఆమె. ఒక వంతెన అడిగింది. ఒక ఊరికి బస్సు అడిగింది. ఒక చోట ఆడపిల్లల హాస్టళ్ల మీద చర్చ వచ్చింది. ఆమె లేచి, తాను తిరుపతిలో చదివేటప్పుడు నీళ్ల ట్యాంకరు రాకపోతే గదిలో ఇద్దరూ ఒకే బకెట్టు నీళ్లతో తలస్నానం చేశామని, తన స్నేహితురాలు ఎప్పుడూ మిగిలిన నీళ్లే తీసుకునేదని సభకు చెప్పింది. ఇంకేదో చెప్పబోతుంటే స్పీకరు టైమైందన్నాడు. ఆమె కూర్చుంది.

ఆ స్నేహితురాలు నేనే. పేరు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఎవరూ లేని ఇంట్లో ఆ వాక్యాన్ని పైకి చదువుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ వారంలోనే బస్సెక్కి ఆమె ఆఫీసుకు వెళ్లాను. ముందు హాలు నిండా మనుషులు. పీఏ కుర్రవాడేమీ కాదు, నా వయసువాడే. దర్శనం లెటరు కోసమా అని అడిగాడు. కాదన్నాను. బదిలీ విషయమా అన్నాడు. చదువుకునేటప్పటి స్నేహితురాలినని చెబితే, అలా చెప్పేవాళ్లు చాలామంది వస్తారన్నట్టు చూసి, కూర్చోమన్నాడు. మధ్యాహ్నం దాటాక పిలిచారు.

ఆమె జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది. నువ్వు అనాలో మీరు అనాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను.

“ఏం మే, ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా?” అంది. దాంతో నా ఇబ్బంది తీరింది.

కాఫీ తెప్పించింది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. ఎవరూ లేరన్నాను. తర్వాత, కొండమీద దర్శనమా, ఇంకేమన్నా పనా, మొహమాటపడకుండా చెప్పమంది.

“పనేం లేదు. బీడు భూముల బిల్లు వచ్చిన దినం నువ్వు అవునంటివా, కాదంటివా?” అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. నన్ను ఎవరు పంపారో నా ముఖంలో వెతుకుతున్నట్టు చూసింది. తమ్ముడి సంగతి చెప్పాను. వాడి ఆవుల సంగతి, సర్వేవాళ్ల సంగతి కూడా చెప్పాను. కాగితాల్లో చూశాననీ, పేర్లు లేవనీ అన్నాను. అబద్ధం చెప్పాలనుకుంటే ఆమెకు అడ్డమేమీ లేదు. కాదన్నానంటే నమ్మి వెళ్లిపోయేదాన్ని.

“అవుననే అన్నినా. బల్ల గూడా కొట్టినా,” అంది. “ముందు వరసలో మా పార్టీ పెద్దోళ్లు ఎనక్కి తిరిగి సూస్తా ఉంటారు, ఎవురు నోరు మెదపలేదో అని.”

“సదివినావా దాన్ని?”

“లేదు మే. పొద్దున చేతికిచ్చిరి, మద్యానానికి అయిపాయ.”

కోపం రావాలి నాకు. వచ్చింది కూడా. మా వాడి బతుకు గురించి ఒక్క పూటలో తేల్చేశారని గట్టిగానే అన్నాను. తలుపు బయట ఎవరో పీఏతో వాదిస్తున్నారు. వెళ్లబోతూ, హాస్టలు గురించి ఆమె సభలో చెప్పింది చదివానని కూడా చెప్పాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. “దినామూ ఇంతమంది వస్తారు. లోపల నేనేం మాట్లాడినా, దేనికి అవునన్నినా అని ఒక్కరూ అడగలా. నువ్వొకదానివే,” అంది. నా నంబరు తీసుకుని, గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే తర్వాతివాళ్లు లోపలికి వచ్చేశారు.

తిరుగు బస్సులో తమ్ముడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు తిట్టలేదు. “నిజమే చెప్పింది, పోనీ,” అన్నాడు. ఆ తర్వాత, నేను అన్నం తిన్నానో లేదో అడిగి ఫోన్ పెట్టేశాడు.

వానలు మొదలయ్యేలోపు బీడు చుట్టూ ఇనుప కంచె పడింది. వాడు కొన్ని ఆవులను అమ్మేశాడు, మిగిలినవాటికి గడ్డి కొంటున్నాడు. ఏర్పేడు మండలాఫీసు దాకా పోయి ఎవరెవరినో కలిసి వచ్చాడు కానీ ఏమీ కాలేదు.

ఆమె ఒక్కసారి ఫోన్ చేసింది. సభ నుంచి బయటికి వస్తున్నట్టుంది, చుట్టూ గోలగా ఉంది. “ఈ పొద్దు రెండు బిల్లులు మే. రెండింటికీ అవునన్నినా. ఒకటి సదివినా,” అంది. అది ఏ బిల్లు అని అడిగాను. చెప్పబోతుండగా ఎవరో మేడమ్ అని పిలిచారు. మళ్లీ చేస్తానంది.

చేయలేదు. నా దగ్గర ఇప్పుడు నంబరు ఉంది. సాయంత్రాలు ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. అడగడానికి బిల్లు ఏదీ లేనప్పుడు ఆమెతో ఏం మాట్లాడాలో నాకు తోచదు.