మూడో డిప్పు బొంత

మణుగూరు బొగ్గుగని కాలనీలో ఉండే ఫిల్లర్ సారయ్యకు భూమి లోపల ఏనాడూ గోరంత దెబ్బ తగల్లేదు. పట్టాల మీది ఇనప టబ్బుల మధ్య, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బొగ్గు నింపి, ఏళ్ల తరబడి క్షేమంగా ఇంటికొచ్చిన మనిషి. అలాంటివాడు 1986 వానాకాలంలో గోడకు క్యాలెండర్ తగిలించబోయి, స్టూలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానాలో పిండికట్టు వేసి పంపారు. చూడ్డానికి వచ్చినవాళ్లు ముఖాలు గంభీరంగా పెట్టుకుని కూర్చుని, వాకిలి దాటాక నవ్వుకునేవారు.

ఆయన భార్య వెంకమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు అతికి, దగ్గర దగ్గరగా దారపు కుట్టు వేసేది. కాలనీలో సగం మంచాల మీద ఆమె బొంతలే. పొద్దస్తమానం ఇంట్లో ఉన్న మొగుడు కూరకూ రేడియోకూ వంకలు పెడుతుంటే విసిగి, ఒకనాడు అతని చేతిలో సూది పెట్టింది. చిలకలు కుట్టమంది.

సారయ్య చిలక డ్రిల్లు మిషన్‌లా వచ్చింది. తామరపువ్వు కుడితే పక్కింటి గురవమ్మ చూసి, ఫ్యాను బాగుందంది. అతను నిజంగానే బాధపడ్డాడు. గుడ్డముక్కల మూట ఒళ్లో పెట్టుకుని, ఏం కుట్టాలో తోచక పూటలకు పూటలు కూర్చునేవాడు. అన్నం కూడా సయించలేదు.

వాళ్లింటికి దగ్గరి తండా నుంచి చాంది అనే లంబాడీ ఆమె వచ్చేది. సీతాఫలాలు అమ్మి, వెంకమ్మ దగ్గర కాసేపు కూర్చుని పోయేది. ఆమె రవికె నిండా అద్దాలు, గవ్వలు, రంగు దారాలు. ఇవన్నీ ఎక్కడ చూసి కుట్టావని సారయ్య అడిగాడు. ఆ ప్రశ్నే ఆమెకు వింతగా తోచింది.

"యాడనో సూసుడేందన్నా? గిది మా వాగు. గిది గొడ్లు పోయే తొవ్వ. నువ్వు యాడ తిరుగుతవో గదే కుట్టు."

సారయ్య తిరిగేది గనిలో, మూడో డిప్పులో. ఏటవాలుగా లోపలికి దిగే దారి అది. అక్కడ ఉన్నదల్లా చీకటి. కాబట్టి నల్లగుడ్డ కావాలని అతను తేల్చాడు.

కాలనీలో నల్లగుడ్డ కోసం వేట మొదలైంది. విరిగిన గొడుగులు వచ్చాయి. కిందటేడు అయ్యప్ప మాల వేసినవాళ్ల లుంగీలు వచ్చాయి. సమ్మెనాటి నల్లజెండాలు యూనియన్ ఆఫీసు నుంచి వచ్చాయి. వెంకమ్మ లోపావడా అడగకుండానే వచ్చింది. అన్నీ పనికొచ్చేవి కావు. సారయ్య ప్రతిదాన్నీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఇది బొగ్గు నలుపు, ఇది రాతి నలుపు, ఇది నీళ్ల నలుపు అని వేరు చేసేవాడు. ఒకాయన కొత్త గొడుగే ఇస్తానంటే, అది పగటి నలుపని తిప్పి పంపాడు. ఆయన చాలా రోజులు మాట్లాడలేదు.

పిండికట్టు తీసే నాటికి బొంత పూర్తయింది. వాకిట్లో నులకమంచం మీద పరిచారు. ఆడవాళ్లు చుట్టూ తిరిగి చూశారు. నల్లగా ఉందన్నారు. అంతకుమించి ఎవరికీ ఏమీ కనిపించలేదు.

మొదటి షిఫ్టు దిగి మగవాళ్లు వచ్చారు. ముందు నడుస్తున్న గురవమ్మ భర్త జంపయ్య మంచం దగ్గరికి రాగానే, కప్పు తగులుతుందన్నట్టు తల వంచాడు. ఆరుబయట, పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోట, తల వంచుకునే అటు చివరి దాకా నడిచి అప్పుడు నిటారుగా నిలబడ్డాడు. అతని వెనక వచ్చినవాళ్లూ అంతే. తర్వాత డిప్పులో నీళ్లు కారే చోటు కుడివైపా ఎడమవైపా అని ఇద్దరు కీచులాడుకున్నారు. వాళ్లు వేళ్లతో చూపిస్తున్న చోట వెంకమ్మకు తన లోపావడా మాత్రమే కనిపించింది.

మరునాడు ఓవర్‌మన్ సాంబమూర్తి వచ్చాడు. ఆ డిప్పులో షిఫ్టు బాధ్యత ఆయనదే. బొంత చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక మూల దగ్గర ఆగాడు.

"ఈ మలుపులో కప్పుకు సపోర్టు కర్రలు ఏవయ్యా?"

మర్చిపోయానని సారయ్య ఒప్పుకున్నాడు. సాంబమూర్తి జేబులోంచి సుద్దముక్క తీసి ఆ మలుపు మీద పెద్ద ఇంటూ మార్కు గీశాడు. కర్రలు పెట్టేదాకా ఈ బొంత కింద మనిషి పడుకోవడానికి వీల్లేదన్నాడు.

"గది బొంత సారూ. మీద పడితే ఏమైతది? ఎచ్చగైతది," అంది వెంకమ్మ.

రూలు రూలేనని ఆయన వెళ్లిపోయాడు. చలి అప్పుడే ముదురుతోంది. సారయ్య గోధుమరంగు దారంతో వరసగా కర్రలు కుట్టాడు. సాంబమూర్తి మళ్లీ వచ్చి, చేతికర్రతో బొంతను అక్కడక్కడా తట్టి, చెవి ఒగ్గి విని, కప్పు గట్టిగానే ఉందని చెప్పాడు. ఆ రాత్రి నుంచి వెంకమ్మ దాన్ని కప్పుకుంది.

కొన్నాళ్లకు సారయ్య డ్యూటీలో చేరాడు. ఒక సెలవునాడు, చుట్టుపక్కల ఇంకెవరూ లేనప్పుడు గురవమ్మ వచ్చింది. మడతపెట్టిన బొంత పరవమని అడిగింది.

"అన్నా, మా ఆయన బువ్వ తినేది యాడ?"

సారయ్య వేలు పెట్టి చూపించాడు. గురవమ్మ అక్కడ అరచేయి ఆనించింది. రోజూ తను కట్టిన సద్ది ఎక్కడికి పోతుందో ఇన్నేళ్లలో ఆమె ఎవరినీ అడగలేదు. మరీ ఇరుగ్గా ఉందని మాత్రం అంది. తర్వాత కొంగు ముడి విప్పి, గోరంత ఎర్రగుడ్డ ముక్క తీసి, ఆ చోట కుట్టమంది.

అది తెలిసి జంపయ్య మొహమాటపడ్డాడు. మరో వారానికి, అక్కడ నీళ్లు కారుతున్నాయని వేరేచోట కూర్చుంటున్నానని ఇంట్లో చెప్పాడు. గురవమ్మ సూది తీసుకుని వచ్చి, ముక్క విప్పి సారయ్య చూపిన చోటికి జరిపింది. అతను చోటు మార్చినప్పుడల్లా ఆమె వచ్చేది. కుట్లు విప్పిన చోట్ల చిన్న చిన్న కన్నాలు పడ్డాయి. వెంకమ్మ ఆ కన్నాలతోనే కప్పుకునేది.

తొంభై ఒకటిలో జంపయ్యను ఆరుబయట తవ్వే ఓపెన్‌కాస్ట్ గనికి మార్చారు. ఇప్పుడతను ఎండలో, ఒక తుమ్మచెట్టు కింద కూర్చుని తింటున్నాడు. గురవమ్మ వచ్చి బొంత మీది ఎర్రముక్క విప్పి, చేత్తో పట్టుకుని, ఆ చెట్టుతో ఇంకో బొంత కుట్టి పెట్టమని సారయ్యను అడిగింది. ఆకుపచ్చ గుడ్డ తానే తెస్తానంది.

ఆ చెట్టు తాను చూడలేదన్నాడు సారయ్య. చూడనిది ఎలా కుట్టాలో అతనికి తెలియదు.

"అయితే పోయి సూసి రా," అంది వెంకమ్మ. మర్నాడు అతను సెలవు పెట్టి, జంపయ్యతో పాటు తనూ ఒక సద్ది టిఫిను కట్టించుకుని బయలుదేరాడు.