నాబు సున్నాలో ఉండగా

మా ఫిజిక్స్ మేష్టారు పోయారని మొన్న పొద్దున శ్రీకాకుళం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. తొంభై దాటిన మనిషి. నిద్రలోనే వెళ్ళిపోయారట. "మంచం పక్కన ఆ క్యాసెట్టు అలాగే ఉన్నాది అన్నయ్యా, ఏటి సెయ్యమంటావు?" అని అడిగింది. "ఎవరూ తుడిపెయ్యకుండా చూడమ్మా" అన్నాను. అందులో ఉన్న పాటకు హార్మోనియం వాయించింది నేనే.

అరవైల చివర మేం డిగ్రీ చదువుతున్నాం. కాలేజీలో మాదొక ఆర్కెస్ట్రా. పాడేవాడొకడు, తబలా ఒకడు, బుల్‌బుల్ ఒకడు, హార్మోనియం నేను. వేణువు మాత్రం మేష్టారి అబ్బాయి వాసుది. సొంతంగా పాట కట్టే తెలివి మాకెవరికీ లేదు కనక, ఆ ఏడు ఊరంతా పాడుకుంటున్న సినిమా పాటనే పట్టుకున్నాం. రేడియోవాళ్ళు విద్యార్థులకు పోటీ పెట్టారు, పాటను టేపు మీద పంపాలి. తన వేణువు రేడియోలో మోగాలని వాసుకు పిచ్చి కోరిక. ఆ ధ్యాసలో అన్నం తినడం కూడా మర్చిపోయేవాడు.

మేష్టారికి సంగీతం రాదు. వినడం వచ్చు. లాబులో ఒక స్పూలు టేపు రికార్డరు, ఒకే ఒక్క మైకు ఉండేవి. మైకు కదలదు, మనుషులే కదలాలి. సుద్దముక్కతో నేల మీద ఒక్కొక్కరికీ ఒక గుండ్రం గీసేవారు. పాడేవాడు మైకుకు జానెడు దూరం, తబలా నాలుగడుగులు, నేను తలుపు దగ్గర. "నీ పెట్టికి పొగరెక్కువరా, ఇంకా ఎనక్కెళ్ళు" అని నన్ను దాదాపు వరండాలోకి తోసేవారు. ఎవరు గుండ్రం దాటి జరిగినా కళ్ళు మూసుకునే పట్టేసేవారు. "ముందు ఇనండిరా. వాయించడానికేటుంది, ఎవడైనా వాయిస్తాడు" అనేవారు. వాయిద్యాలన్నీ సమంగా కలపడమంటే మాకు తెలిసింది అంతే.

పోటీకి నెల ఉందనగా వాసుకు పచ్చకామెర్లు వచ్చాయి. పదకొండో రోజున పోయాడు.

పోటీ మాట మేమెవరమూ ఎత్తలేదు. కర్మకాండ అయ్యాక మేష్టారే మమ్మల్ని పిలిచారు. జబ్బు పడకముందు ఒక రోజు, మేమెవరం రాకుండానే, వాసు తన వేణువు ఒక్కటే మొదట్నుంచి చివరిదాకా టేపు పట్టుకున్నాడట. వేణువు లేని చోట్ల కుడికాలితో నేల మీద తాళం వేసుకుంటూ ఆగాడట. ఆ టేపు ఉంది. సాలూరులో ఒక లారీ ఓనరు సరదాకు కొనుక్కున్న రికార్డరును మేష్టారు బతిమాలి తెచ్చారు. ఒకదానిలో వాసు మోగుతాడు, మేం వాడితో కలిసి వాయిస్తాం, రెండోది అంతా కలిపి పట్టుకుంటుంది. వాడి కోరిక తీరే దారి అదొక్కటే.

ఆదివారం మిట్టమధ్యాహ్నం. కాలేజీలో పిట్ట లేదు. వాసు గుండ్రంలో స్టూలు వేసి రికార్డరు దాని మీద పెట్టారు. ఎత్తు చాలలేదని కింద రెండు పుస్తకాలు దోపారు. "ఆడి మూతి ఇంతెత్తుంటాది" అన్నారు. మీట నొక్కగానే వాసు ఊపిరి పీల్చాడు. వేణువు ఎత్తుకునే ముందు వాడెప్పుడూ పీల్చే ఊపిరే.

చిక్కంతా రెండో చరణం ముందు, అందరం కాసేపు ఆగే చోట. అక్కడ వాసు వేణువు ఆపి, వరండాలో నిలబడ్డ తండ్రిని పిలిచాడు. "నాన్నా, బైటేటి సేస్తన్నావు? లోపలికొచ్చి ఇను." తర్వాత కాసేపు కాలితో తాళం వేసి మళ్ళీ అందుకున్నాడు. పోటీకి పంపే పాట మధ్యలో ఈ మాటలుండకూడదు. అంచేత ఆ చోటు రాగానే మేష్టారు నాబు తిప్పి టేపు చప్పుడును సున్నాకు దించాలి, వేణువు మొదలయ్యేటప్పుడు మళ్ళీ పెంచాలి. కొడుకు నోరు ఆయన చేత్తో ఆయనే మూయాలన్నమాట.

మొదటిసారి ఆయన చెయ్యి కదల్లేదు. టేపు పిలవగానే "వస్తన్నాన్రా" అన్నారు, పక్కగదిలోంచి పలికినంత మామూలుగా. మేం ఆపేశాం. "ఏటైందిరా, ఆపేశారు?" అని ఆయనే అడిగారు. పట్టింది వెనక్కి తిప్పి వినిపించాం. తండ్రీ కొడుకులు మాట్లాడుకుంటున్నారు. ఇద్దరిలో లేనివాడెవడో ఆ గొంతులను బట్టి చెప్పడం కష్టం.

రెండోసారి ఆయన సరిగానే దించారు. కాలి చప్పుడు కూడా పోయేసరికి నేను లెక్క తప్పాను. "పర్లేదురా, మళ్ళీ పడదాం" అని, కొడుకును పోగొట్టుకున్న ఆ మనిషే నన్ను ఓదార్చారు. ఆ తర్వాత నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. తప్పు చేసిన పిల్లవాడి మీద నా చెయ్యి లేవకపోవడానికి ఆ ఒక్క మాటే కారణం.

మూడోసారి పిలుపుకు ముందే నాబు సున్నాకు వెళ్ళింది. మేం నలుగురం ఆ రికార్డరు మీంచి కళ్ళు తిప్పలేదు. లోపల లెక్కపెట్టుకుని చరణంలోకి దిగాం. ఆయన నాబు మెల్లగా పెంచారు. వేణువు ఎక్కడో వీధి చివర మొదలై గదిలోకి నడిచొచ్చినట్టు వచ్చింది.

వెనక్కి తిప్పి విన్నాం. ఏ చప్పుడూ ఉండకూడని ఆ చోట కాలి చప్పుడు ఉంది. వాసు వేసే తాళమే, అదే నడక.

"ఎవడ్రా కాలేసింది?"

పాడేవాడు తప్ప మేం ముగ్గురం బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. "నాను కాదు మేష్టారూ, అమ్మతోడు. బయ్యమేసి బిగుసుకుపోనాను" అన్నాడు వాడు. మేష్టారు నాబు పట్టుకుని చూశారు. "సున్నాలోనే పెట్టాను కదరా" అన్నారు. ప్రతిదానికీ కారణం చెప్పందే వదిలిపెట్టని మనిషి, దీనికి మాత్రం కారణం వెతకలేదు.

ఆ టేపు పోటీకి వెళ్ళలేదు. పంపితే దాని మీద ఇంకేదో పట్టేస్తారని ఆయన భయం. "రేడియో లేకపోతే మానె. ఆడు ఇందులో ఉన్నాడు" అన్నారు. మేమూ పట్టుబట్టలేదు. నిజం చెప్పొద్దూ, అది మళ్ళీ వినాలంటే మాకు గుండె దడే. చాలా ఏళ్ళు నేను గదిలో ఒంటరిగా హార్మోనియం తీయలేదు.

పోయిన వేసవిలో మేష్టారిని చూడ్డానికి వెళ్ళాను. మంచానికే పరిమితమయ్యారు, చూపు పోయింది. గొంతు విని గుర్తుపట్టారు. "పెట్టోడివి కదూ? దగ్గరికి రా, ఇంక ఎనక్కెళ్ళక్కర్లేదు" అని నవ్వారు. ఆ స్పూలు టేపును ఎప్పుడో క్యాసెట్టులోకి ఎక్కించారు, అమ్మాయి అది పెట్టింది. రెండో చరణం ముందర ఆయన చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నారు.

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. దుప్పటి కింద కుడిపాదం మంచం పట్టీకి తగులుతోంది. క్యాసెట్టులో చప్పుడూ ఇక్కడి చప్పుడూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్కసారే పడుతున్నాయి. ఆ రోజు లాబులో అందరం రికార్డరు వంకే చూశాం. ఆయన కాళ్ళ వంక ఎవరం చూడలేదు.

"ఆడి కాలు ఇనిపిస్తన్నాదా?" అని అడిగారు.

"ఇనిపిస్తన్నాది మేష్టారూ" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపారు. పాట అయిపోయింది, అమ్మాయి వచ్చి మీట నొక్కింది. దుప్పటి కింద ఆ పాదం మాత్రం ఇంకా వేస్తూనే ఉంది.