సేత్తూరుకు సంచి లేకుండా

రాజపాళయం మిల్లులో పనిచేసే మా బావమరిది, పక్కనున్న సేత్తూరులో అక్కడి తెలుగువాళ్ళు జరుపుకునే ఆదివారం కూడికకు వచ్చి వాక్యం చెప్పమన్నాడు. ఆ రోజు తనకు మిల్లులో డ్యూటీ, నన్నే నేరుగా వెళ్ళమన్నాడు. లూకా సువార్తలో ప్రభువు శిష్యులను ఊళ్లకు పంపుతూ సంచీ వద్దు, చెప్పులూ వద్దు, ఎవరింట ఏది పెడితే అది తినండి అంటాడే, ఆ భాగం ఎంచుకుని కూడికవాళ్ళకు ముందే కబురు పంపాను. దాని మీద పన్నెండు పేజీలు రాసి, నాలుగు జతల బట్టలు, బయటి తిండి నాకు పడదని మా ఆవిడ కట్టిన పులిహోరతో సహా పెద్ద సంచిలో సర్దుకుని గుంటూరులో రైలెక్కాను. సంచి మోసిన కూలీ "ఇందులో రాళ్లున్నాయా సార్?" అన్నాడు. వాక్యం ఉందన్నాను.

చెన్నైలో రైలు మారి ఆదివారం ఉదయం ఆరున్నరకు రాజపాళయంలో దిగాను. షేర్ ఆటోలో బస్టాండు చేరేసరికి ఏడు. కూడిక పదకొండుకు. బోర్డులన్నీ తమిళంలో ఉన్నాయి, నాకు ఆ లిపి రాదు. జనం ఎగబడుతున్న బస్సే సేత్తూరు బస్సని తేల్చుకుని, అందరిలాగే కిటికీలోంచి సంచిని సీటు మీదకు తోశాను. సంచి పడితే సీటు మనదే కదా. ఆ ధీమాతో టీకి వెళ్ళాను. గ్లాసు సగమయ్యేసరికి బస్సు కదిలింది. పరుగెత్తాను. చెప్పు తెగింది, బస్సు దాటిపోయింది. తెగినదానితో పాటు రెండోదీ అక్కడే వదిలేశాను.

వంకాయలు అమ్ముకుని ఖాళీ గంపతో నిలబడ్డ ఒక పెద్దావిడ, నేను తెలుగులో మొత్తుకోవడం విని దగ్గరకొచ్చింది.

"ఏంటికి సామీ అట్ల పరుగెత్తినారు? అది శ్రీవిల్లిపుత్తూరు పోయే బస్సు. సేత్తూరు బస్సు ఇదిగో, ఖాళీగా నిలిచి ఉండాది."

ఆమె పేరు రంగమ్మ, ఊరు సేత్తూరే. టైమ్‌కీపరు చేత కండక్టరుకు ఫోను చేయించింది. "కవలపడొద్దు, దిగులు వద్దు సామీ, మధ్యాహ్నం ట్రిప్పులో తెచ్చి ఈడ పెడతానన్నాడు" అంది.

కానీ పన్నెండు పేజీలూ సంచిలోనే ఉన్నాయి. బస్సులో కూర్చుని గుర్తుచేసుకోబోతే "ప్రియులారా" దాటి ఒక్క ముక్క రాలేదు. నిజంగా భయం వేసింది.

ఎనిమిదికి సేత్తూరులో దిగాం. రంగమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్ళి సజ్జ అంబలి, చిన్న ఉల్లిపాయలు, మజ్జిగ మిరపకాయలు పెట్టింది. బయటి తిండి పడని నేను రెండు చెంబులు తాగాను. నాది ఏ మతమో, ఏ కులమో ఆమె అడగలేదు. "ఊరికి వచ్చినాయన ఆకలితో పోతే మాకు మరియాదా?" అంది. తర్వాత కూడిక జరిగే ఇంటిదాకా తోడొచ్చింది.

లోపల ఒక పెద్దాయన నా కాళ్ళు చూసి లేచి నిలబడ్డాడు. "చూడండప్పా! సంచీ లేదు, చెప్పులూ లేదు. అయ్యగారు చెప్పేది చేసి వచ్చినారు!"

అందరూ చేతులు జోడించారు. రెండు పాటలు పాడినంతసేపూ ఆ కీర్తి నాకు హాయిగానే ఉంది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ గుమ్మం దగ్గర రంగమ్మ కూర్చుని నన్నే చూస్తోంది.

లేచి, కిటికీలో సంచి తోసిన దగ్గర్నుంచి అంబలి దాకా జరిగింది జరిగినట్టు చెప్పేశాను. "నేను సంచిని వదల్లేదు, సంచే నన్ను వదిలింది. ఈ వాక్యంలో చెప్పిన ఇల్లు మాత్రం మీ ఊళ్ళోనే ఉంది" అని రంగమ్మను చూపించాను. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది. ప్రసంగం పది నిమిషాల్లో అయిపోయింది. "ఈపొద్దే నాకు బాగా అర్థమైంది" అన్నాడు పెద్దాయన.

నాలుగింటికి రాజపాళయం బస్టాండులో సంచి దొరికింది. పులిహోర పాడైంది, పేజీలు భద్రంగా ఉన్నాయి. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: బోర్డు చదవడం రాకపోతే తెలుగులోనే గట్టిగా అడగండి, ఎవరో ఒకరు పలుకుతారు.

నా తిరుగు రైలు మదురైలో. మదురై బస్సు వచ్చింది. అందరూ కిటికీల్లోంచి సంచులు తోశారు, అందరికీ సీట్లు దొరికాయి. సంచి వద్దని ఊరంతటికీ బోధించి వచ్చిన నేను మాత్రం దాన్ని గుండెకు హత్తుకుని మదురై దాకా నిలబడే వెళ్ళాను.